తిరుపతిలో ఓటు: ఇల్లు మారినవాళ్లు, ఊర్లో ఓటున్నవాళ్లు, అసలు వేయనివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఎన్నికలప్పుడూ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇవే ప్రశ్నలు తిరుగుతుంటాయి. అడిగేది మాత్రం పోలింగ్‌కి రెండు రోజుల ముందు, అప్పటికి చేయగలిగింది పెద్దగా ఏమీ మిగలదు. అందుకే ఎన్నికల హడావిడి లేని టైంలో కూర్చుని రాసిపెడుతున్నా. నేను అధికారిని కాదు, ఏ పార్టీ మనిషినీ కాదు. బైరాగిపట్టెడలో ఉంటాను, మూడు అద్దె ఇళ్లు మారి నాలుగోసారి సొంత ఫ్లాట్‌లోకి వచ్చినవాణ్ణి, మధ్యలో ఒకసారి ఓటు పోగొట్టుకున్నవాణ్ణి కూడా.

తిరుపతిలో పోలింగ్ నిజంగానే అంత తక్కువా, లేక పేపర్లవాళ్లు ఊరికే రాస్తారా?

నిజంగానే తక్కువ. 2024 మే 13న రాష్ట్రం మొత్తం మీద 81.86 శాతం పోలింగ్ జరిగింది. ప్రకాశం జిల్లా దర్శిలో 90.91 శాతం, అది రాష్ట్రంలో అన్నిటికంటే పైన. అన్నిటికంటే అడుగున ఉన్నది తిరుపతి అసెంబ్లీ, 63.32 శాతం. 175 నియోజకవర్గాల్లో ఆఖరిది మనది. అదే రోజు హైదరాబాద్ లోక్‌సభలో 48 శాతమే కదా, మనమే నయం అని ఒకాయన నాతో వాదించారు. పక్కింటి పిల్లాడు ఫెయిలయ్యాడని మనవాడి ముప్పై అయిదు మార్కులకు స్వీట్లు పంచుతామా?

2021 ఏప్రిల్ 17న జరిగిన తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నిక ఇంకో ఉదాహరణ. 2019లో 79 దాటిన పోలింగ్ ఆ ఉప ఎన్నికలో 64 దగ్గరకు పడిపోయింది. కోవిడ్ భయం ఉన్న రోజులు కాబట్టి దాన్ని పూర్తిగా జనం మీద వేయలేం.

కారణం ఏంటి? చదువుకున్నవాళ్ల బద్ధకమేనా?

బద్ధకం ఉంది, కాదనను. 2024లో పోలింగ్ సోమవారం వచ్చింది, దానికి ముందు రెండో శనివారం, ఆదివారం. వరసగా మూడు రోజులు దొరికేసరికి ఊటీకి బండి కట్టినవాళ్లు మా బ్లాక్‌లోనే ఉన్నారు. కానీ అదొక్కటే అయితే రాష్ట్రానికీ మనకూ 18 శాతం తేడా రాదు.

ఈ ఊర్లో ఉండేది ఎవరో ఒకసారి చూడండి. యూనివర్సిటీలకు, మెడికల్ కాలేజీకి, కోచింగ్‌లకు వచ్చి నాలుగేళ్లుండి పోయే పిల్లలు, బదిలీల మీద వచ్చే ఉద్యోగులు, లాడ్జీల్లో, హోటళ్లలో పనిచేయడానికి పక్క మండలాల నుంచి, తమిళనాడు వైపు నుంచి వచ్చినవాళ్లు, పిల్లల చదువు కోసం పల్లెలో ఇల్లు తాళం వేసి ఇక్కడ అద్దెకు దిగిన కుటుంబాలు. పోలింగ్ శాతం అంటే లిస్టులో ఉన్న పేర్లలో ఎంతమంది వేశారన్నదే కదా. చనిపోయిన పెద్దాయన పేరు, బదిలీ మీద కర్నూలు వెళ్లిపోయిన ఉద్యోగి పేరు, చదువైపోయి హైదరాబాద్‌లో స్థిరపడిన కుర్రాడి పేరు లిస్టులో ఉన్నంతకాలం వాళ్లందరూ ఓటు వేయనివాళ్ల ఖాతాలోకే వస్తారు. ఇంకోవైపు, ఇక్కడే పదేళ్లుగా ఉంటున్న మనిషి ఓటు పీలేరులోనో పుత్తూరులోనో ఉంటుంది. ఆ రోజు పొద్దున్నే బస్సెక్కి అక్కడికి పోయి వేసొస్తాడు. మంచి ఓటరే, కానీ తిరుపతి లెక్కలో ఎక్కడా కనబడడు.

నాకు అర్థమైనంతవరకు టౌన్లో ఓటు పోయేది పోలింగ్ రోజు కాదు, ఇల్లు మారిన రోజు. సామాను ఆటోకెత్తిస్తాం, గ్యాస్ కనెక్షన్ మార్పించుకుంటాం, పాలవాడికి చెబుతాం, పిల్లల స్కూల్ బస్సు ఎక్కడ ఆగాలో ఫోన్ చేసి చెబుతాం. ఓటు ఊసే ఎత్తం. అది పాత ఇంటి డోర్ నంబర్ మీదే ఉండిపోతుంది, ఆ ఇంట్లోకి కొత్తవాళ్లు వచ్చాక, ఇంటింటి సర్వేలో "వాళ్లు ఖాళీ చేసి పోయారండి" అని ఎవరో చెప్పాక, పేరు తీసేస్తారు. మనకు తెలిసేది ఎన్నికల రోజున.

నా దగ్గర ఓటర్ కార్డు ఉంది. అంటే ఓటు ఉన్నట్టే కదా?

కాదు. నేనూ అట్లే అనుకునేవాణ్ణి.

2019 ఏప్రిల్ 11, గురువారం. అప్పటికి కొర్లగుంటలో ఇల్లు ఖాళీ చేసి ఏడాదిన్నర అయింది. ఓటు అక్కడే ఉందన్న ధీమాతో ఇద్దరం పాత బూత్‌కి పోయాం. గంటన్నర క్యూ. లోపలికి పోయాక టేబుల్ దగ్గరున్నాయన లిస్టు మీద చెక్క స్కేలు పెట్టి ఒక్కో వరసా కిందికి జరుపుతూ చూశారు. నా భార్య పేరు, ఫొటో ఉన్నాయి. దాని పక్క గడిలో నా పేరు కూడా ఉంది, కానీ దాని మీద అడ్డంగా తొలగించినట్టు ముద్ర. ఆయన స్కేలు అక్కడే ఆపి, నా మొహం వైపు చూసి, "సార్, మీది తీసేసినారు" అన్నారు. వెనక క్యూలో ఒకాయన దగ్గుతున్నాడు. నా చేతిలో కార్డు, అందులో పదేళ్ల కిందటి ఫొటో. నా భార్య వేలికి ఇంకు పెట్టించుకుని వచ్చేదాకా చింతచెట్టు కింద నిలబడ్డాను. నోటీసు ఇచ్చే తీసేశామన్నారు తర్వాత, ఆ నోటీసు ఏ ఇంటికి పోయిందో నాకైతే తెలియదు.

అందుకని, లిస్టులో పేరుంటేనే ఓటు. కార్డు మీరెవరో చెప్పే కాగితం మాత్రమే. చూసుకోవడం రెండు నిమిషాల పని: ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్లో గానీ ఫోన్‌లో యాప్‌లో గానీ కార్డు మీదున్న ఎపిక్ నంబర్ కొట్టండి. ఇంటర్నెట్ మీద నమ్మకం లేనివాళ్లు 1950కి ఫోన్ చేయొచ్చు. ఏడాదికి రెండుసార్లు చూసుకోండి, ముఖ్యంగా ముసాయిదా జాబితా వచ్చినప్పుడు. అప్పుడు పేరు లేకపోతే మళ్లీ చేర్పించుకునే టైం ఉంటుంది.

ఇల్లు మారాను. ఫారం 6 పెట్టాలా, 8 పెట్టాలా?

8. దీని దగ్గరే అందరూ తప్పు చేస్తున్నారు. ఫారం 6 మొదటిసారి ఓటు నమోదు చేసుకునేవాళ్లకు. ఇదివరకే ఓటుండి ఇల్లు మారితే, అది పక్క వీధికైనా పక్క జిల్లాకైనా, ఫారం 8. పేరులో తప్పులున్నా, ఫొటో మార్చాలన్నా, కార్డు పోయి ఇంకోటి కావాలన్నా అదే ఫారం. మళ్లీ ఫారం 6 నింపితే పాత పేరు అక్కడ, కొత్త పేరు ఇక్కడ ఉండిపోయి మీరు ఇద్దరు ఓటర్లవుతారు, ఆ తర్వాత ఏదో ఒకటి ఎవరో ఒకరి అభ్యంతరం మీద ఎగిరిపోతుంది. ఒక్కోసారి ఉండాల్సిందే పోతుంది.

ఫారం 8 పెడితే ఎపిక్ నంబర్ మారదు. మీ ప్రాంతపు బూత్ స్థాయి అధికారి, అందరూ బీఎల్‌ఓ అంటారు కదా, వాళ్లు ఇంటికొచ్చి చూస్తారు. వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోతే పని ఆగుతుంది, కాబట్టి ఫోన్ నంబర్ సరిగ్గా రాయండి, తెలియని నంబర్ అని కట్ చేయకండి.

ఎప్పుడు పెట్టాలి అంటే, పాలు పొంగించిన వారంలో. ఎన్నికల షెడ్యూల్ వచ్చాక చూద్దాంలే అనుకుంటే 2024లో అనుకున్నవాళ్ల గతే పడుతుంది: ఓటు నమోదుకు ఏప్రిల్ 15 వరకే గడువు, నామినేషన్లు మొదలైంది 18న. ప్రచారం వేడెక్కి మనకు ఓటు గుర్తొచ్చేసరికి తలుపు మూసేశారు.

ఇంటి ఓనర్ ఒప్పుకోవడం లేదు. ఆ అడ్రస్‌తో ఓటుంటే ఇల్లు మాదంటామని భయం.

చాలా ఇళ్లలో ఉన్న భయమే ఇది. ఓటుకీ ఇంటి హక్కుకీ సంబంధం లేదు, లిస్టు చూపించి ఎవరూ ఇల్లు రాయించుకోలేరు. ఓనర్ సంతకం కూడా అక్కర్లేదు. ఆ అడ్రస్‌తో మీ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, గ్యాస్ బిల్లు, రిజిస్టరైన అద్దె ఒప్పందం లాంటిది ఏదో ఒకటి చాలు. అవేవీ లేకపోయినా మీరు నిజంగా అక్కడ ఉంటున్నారా లేదా అని వచ్చి చూసి నమోదు చేసే పద్ధతి ఉంది. ఓనర్లూ, మీకు దండం పెడతాం, బీఎల్‌ఓ వచ్చి అడిగితే "పైన ఎవరో ఉంటారు, నాకు తెలీదు" అనకండి. నెలనెలా అద్దె తీసుకునేటప్పుడు తెలుసు కదా.

మా ఓటు ఊర్లో ఉంది. ప్రతిసారీ పోయి వేసొస్తాం. ఇక్కడికి మార్చుకోవాల్సిందేనా?

పోయి వేసొచ్చేవాళ్ల మీద నాకు గౌరవమే. బస్టాండులో పోలింగ్ ముందురోజు రాత్రి మదనపల్లి, పలమనేరు, సత్యవేడు బస్సుల దగ్గర నిలబడి చూస్తే, చంకలో పిల్లల్ని పెట్టుకుని కిటికీలోంచి టవల్ వేసి సీటు పట్టుకునేవాళ్లను చూస్తే, పట్నం జనానికి ఓటంటే లెక్కలేదనే మాట నోటికి రాదు.

కానీ చట్టం ఏమంటుందంటే, మామూలుగా ఎక్కడ నివసిస్తున్నారో అక్కడే ఓటు ఉండాలి. ఊర్లో ఇల్లుంది, పొలముంది అన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. ఏదో పని మీద కొన్నాళ్లు బయట ఉంటే పర్వాలేదు, అది వేరే సంగతి.

చట్టం సరే, మనసు ఒప్పుకోదు. మా మామయ్యకు ఇక్కడికి మార్పించుకోమని చెబితే, "ఓటు తీసేస్తే నేను ఊరోణ్ణి కాకుండా పోతానా అబ్బయ్యా?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు కొంచెం టైం పట్టింది. ఊర్లో ఓటంటే నలుగురిలో మాట, సర్పంచ్ ఎన్నికప్పుడు ఇంటి ముందు ఆగే బండి, "మావాడు తిరుపతి నుంచి వచ్చినాడు" అనే పలకరింపు. దాన్ని ఫారం 8లో ఏ గడిలో రాస్తారు?

నేను ఆయనకు చెప్పింది ఇదీ. 2021 నవంబర్‌లో వానలకు తిరుపతి మునిగినప్పుడు మీ వీధిలో మోకాటిలోతు నీళ్లు నిలబడ్డాయి. ఆ కాలవ ఎవరు పూడ్చారు, ఎవరు తీయించాలి అని మీరు ఎవర్ని అడగాలి? ఊర్లో మీరు ఓటేసిన ఆయన్ని అడగలేరు, ఇక్కడాయనకు మీ ఓటు లేదని తెలుసు. తాగే తెలుగుగంగ నీళ్లు ఇక్కడివి, ఇంటి పన్ను ఇక్కడే కడుతున్నారు, మనవరాలి స్కూలు ఇక్కడే. గంగమ్మ జాతరకు ఏ ఊరివాళ్లయినా వచ్చి వేషం కట్టి మొక్కు తీర్చుకోవచ్చు, ఎవరూ అడ్రస్ అడగరు. ఓటు అట్లా కాదు, అది ఉండే ఇంటిది. ఊరు ఓటుతో పోదు, పోవడం మానేస్తే పోతుంది. పొలం పాస్‌బుక్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఆయన ఇంకా మార్పించుకోలేదు, ఆలోచిస్తున్నారు. అయినా ఊర్లో ఓటుండి ప్రతిసారీ పోయి వేసేవాళ్ల విషయంలో నాకు పట్టుదల లేదు. ఊర్లో ఓటుంది అంటూ, అక్కడికీ పోక, ఇక్కడా వేయక, మూడు ఎన్నికలు గడిపేసినవాళ్లున్నారు చూడండి, మార్చుకోవాల్సింది ముందు వాళ్లు.

రెండు చోట్లా ఉంటే ఏమవుతుంది? మా బంధువులకు ఉంది, ఏం కాలేదు.

ఇప్పటిదాకా ఏం కాలేదు, అంతే. రెండు చోట్ల నమోదు చట్టవిరుద్ధం, దరఖాస్తులో తెలిసీ అబద్ధం రాస్తే ఏడాది వరకు జైలు పడే సెక్షన్ ఉంది. ఒకచోట తీసేయమని మీరే ఫారం 7 పెట్టుకోండి.

మేముండేది తిరుపతే, కానీ మాకు ఓటు చంద్రగిరి అంటున్నారు. తప్పు పడిందా?

తప్పు కాదు. తిరుచానూరు, అవిలాల, తుమ్మలగుంట, పేరూరు ఇవన్నీ తిరుపతి రూరల్ మండలం, చంద్రగిరి అసెంబ్లీ కిందికొస్తాయి. చంద్రగిరి మళ్లీ తిరుపతి లోక్‌సభలో లేదు, చిత్తూరు లోక్‌సభలో ఉంది. అదే తిరుపతి లోక్‌సభలో ఎక్కడో ఉన్న సర్వేపల్లి, సూళ్లూరుపేట ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి గానీ నియోజకవర్గాలు మారలేదు, అందుకే ఈ గందరగోళం. కొండపైన తిరుమలలో ఉండేవాళ్లు తిరుపతి అసెంబ్లీ ఓటర్లే. ఊరు పెరిగి హద్దు ఎక్కడుందో కంటికి కనబడని చోట, ఇల్లు రెండు కిలోమీటర్లు మారినా నియోజకవర్గం మారిపోవచ్చు. ఫారం నింపే ముందు పక్కింటివాళ్ల ఎపిక్ నంబర్ వివరాలు ఒకసారి చూస్తే ఏ అసెంబ్లీయో తెలిసిపోతుంది.

హాస్టల్లో ఉండే పిల్లలు ఎక్కడ పెట్టుకోవాలి?

వాళ్లిష్టం. అమ్మానాన్నల దగ్గరైనా పెట్టుకోవచ్చు, చదువుకునే చోట హాస్టల్ అడ్రస్ మీదైనా పెట్టుకోవచ్చు, రెండోదానికి కాలేజీ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. 17 నిండగానే ముందుగా దరఖాస్తు చేయొచ్చు. ఇదివరకులా జనవరి 1 ఒక్కటే కాదు, ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తారీఖులు నాలుగూ లెక్కే, వాటిలో ఏ తేదీకి 18 నిండితే అప్పుడు ఓటొస్తుంది.

నా సలహా అడిగితే, నాలుగేళ్ల కోర్సుకు వచ్చి ఎన్నికల రోజు ఇంటికి పోలేని దూరంలో ఉన్నవాళ్లు, ఏర్పేడు దగ్గర ఐఐటీలో చదివే బీహార్ కుర్రాడైనా సరే, ఇక్కడే పెట్టుకోవడం మంచిది. పోయేటప్పుడు ఫారం 8 పెట్టి తీసుకుపోవాలి. ఆ రెండో పని ఎవరూ చేయరు, అదే మన లిస్టు లావెక్కడానికి ఒక కారణం.

హోటల్లో పని, ఆ రోజు సెలవివ్వరు. ఏం చేయాలి?

తిరుపతికి మాత్రమే ఉన్న చిక్కు ఇది. పోలింగ్ రోజైనా దర్శనానికి జనం వస్తూనే ఉంటారు, సెలవు కాబట్టి ఇంకా ఎక్కువొస్తారు. టిఫిన్ సెంటర్ మూతపడదు, లాడ్జీలో రూములు తుడవాలి, అలిపిరి దగ్గర జీపులు, ట్యాక్సీలు తిరగాలి.

1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 135బీ సెక్షన్ ప్రకారం వ్యాపారంలో, పరిశ్రమలో, ఇంకే సంస్థలో పనిచేసే ఓటరుకైనా పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవివ్వాలి, రోజుకూలీకి కూడా కూలి కోయకూడదు. ఇవ్వకపోతే యజమానికి జరిమానా 500 రూపాయల వరకు. 500 అంటే నవ్వొస్తుంది, నిజమే, ఆ రోజు ఒక రూము అద్దె కూడా కాదు. పని ఆగితే ప్రమాదం, భారీ నష్టం ఉన్నచోట మినహాయింపు కూడా ఉంది.

చట్టం పట్టుకుని యజమానితో గొడవపడమని సర్వర్‌కి చెప్పడం తేలిక, మర్నాడు ఉద్యోగం మనం ఇస్తామా? దానికంటే షిఫ్టులు విడగొట్టమని అడగడం పనిచేస్తుంది. లీలామహల్ వైపు ఒక చిన్న హోటల్లో చూశాను, సగం మందిని పొద్దున ఏడుకి పంపించి, వాళ్లు ఇంకు వేలితో తిరిగొచ్చాక మిగతా సగాన్ని పంపించారు. ఇడ్లీ ఆగలేదు, ఓటూ ఆగలేదు. ఇక ఓటు వంద కిలోమీటర్ల అవతల ఉన్నవాళ్లకు రెండు గంటల పర్మిషన్ దేనికీ పనికిరాదు, మళ్లీ ఫారం 8 దగ్గరికే వస్తాం.

మా అమ్మకు 87 ఏళ్లు. మే నెల ఎండలో క్యూలో ఎట్లా నిలబెట్టాలి?

నిలబెట్టక్కర్లేదు. 2024లో 85 ఏళ్లు దాటినవాళ్లకు, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేసే ఏర్పాటు చేశారు. దానికి ఫారం 12డీ ముందుగానే ఇవ్వాలి, నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు. సిబ్బంది పెట్టె తీసుకుని ఇంటికొస్తారు, వీడియో తీస్తారు, కానీ ఎవరికి వేశారన్నది రహస్యమే. వాళ్లు వచ్చినప్పుడు మీరు పక్కన నిలబడి "అమ్మా, అదిగో ఆ గుర్తు" అనకూడదు.

బూత్‌కే వస్తానని పట్టుబట్టే పెద్దవాళ్లుంటారు, మా పక్క ఫ్లాట్ అవ్వ ఉంది ఒకామె, పట్టుచీర కట్టుకుని వస్తుంది. వాళ్లను క్యూ లేకుండా ముందుకు పంపిస్తారు, వీల్‌చైర్ ఉంటుంది.

కార్డు పోయింది.

లిస్టులో పేరుంటే చాలు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఏదైనా ఒకటి ఒరిజినల్ పట్టుకుపోండి. ఇంటికిచ్చే ఓటర్ స్లిప్పు ఒక్కదాన్నే చూపిస్తే ఒప్పుకోరు.

నేను పోయేసరికి నా ఓటు ఎవరో వేసేశారు. తిరిగొచ్చేయడమేనా?

రావద్దు. అక్కడే ప్రిసైడింగ్ అధికారికి చెప్పండి. మీరు మీరే అని నిరూపించుకుంటే టెండర్ ఓటు ఇవ్వాలి, 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49పీ అంటే అదే. మిషన్ మీద కాదు, కాగితం బ్యాలెట్ ఇస్తారు, దాన్ని విడిగా కవర్లో పెడతారు. మామూలు లెక్కింపులో అది లెక్కలోకి రాదు, కోర్టు దాకా పోతేనే పనికొస్తుంది. మరెందుకు అంటే, మీరు ఊరుకుంటే దొంగ ఓటు పడినట్టు కాగితం మీద ఎక్కడా ఉండదు. 2021 ఉప ఎన్నికప్పుడు దొంగ ఓట్ల ఆరోపణలు ఎంత నడిచాయో తిరుపతివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆలస్యంగా పోయేవాళ్ల ఓట్లే ఇట్లా పోతాయి, పొద్దున్నే పోతే ఈ గొడవ సగం ఉండదు.

పోటీ చేసేవాళ్లెవరూ నచ్చలేదు. ఓటు వేయకపోవడం కూడా నిరసనే కదా?

మీరు నిరసనగా వేయలేదో, నిద్రపోయి వేయలేదో లెక్కలో ఎవరికీ తెలియదు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత నోటా వచ్చింది, నొక్కితే కనీసం అంకెగా కనబడతారు. అయితే నోటాకు ఎన్ని ఓట్లొచ్చినా మిగతావాళ్లలో ఎక్కువ వచ్చినవాళ్లే గెలుస్తారు, దాని గురించి లేనిపోని ఆశలు వద్దు. నేనొకసారి నొక్కాను, మళ్లీ నొక్కలేదు.

నా ఒక్క ఓటుతో ఏమవుతుంది?

1989లో అనకాపల్లి లోక్‌సభలో కొణతాల రామకృష్ణ 9 ఓట్ల తేడాతో గెలిచారు. లోక్‌సభకు, తొమ్మిది. 2019లో విజయవాడ సెంట్రల్ అసెంబ్లీలో మల్లాది విష్ణు గెలిచింది 25 ఓట్లతో. మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ కమిటీ మీటింగుకే అంతకంటే ఎక్కువమంది వస్తారు. ప్రతిసారీ అట్లా జరగదు, తెలుసు. ఇంకో లెక్క ఉంది: ఏ బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో పార్టీలవాళ్లు ముందు పెట్టుకుని కూర్చుంటారు. సగం మంది కూడా రాని వీధికి ఐదేళ్లూ ఎవరు వస్తారు?

మా అపార్ట్‌మెంట్‌కి డబ్బులు రాలేదు, అందుకే మావాళ్లు పోలేదు.

నవ్వుకోండి, కానీ ఈ మాట నేను చెవులారా విన్నాను, కారు రివర్స్ చేస్తూ చెప్పారు ఒకాయన. ఇవ్వడం ఎంత నేరమో తీసుకోవడమూ అంతే నేరం. పంచుతుంటే ఎన్నికల సంఘం వాళ్ల సీ విజిల్ యాప్‌లో ఫొటో గానీ వీడియో గానీ పెడితే 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది పద్ధతి, పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు.

పిల్లలు బెంగళూరులో ఉద్యోగం, ఇంకొకరు అమెరికా. ఆన్‌లైన్లో వేయొచ్చా?

లేదు. వలస ఉన్నవాళ్లు ఉన్నచోటి నుంచే వేసే మిషన్ నమూనా చూడ్డానికి 2023 జనవరిలో పార్టీలను పిలిచారు, అది అమల్లోకి రాలేదు. బయటి దేశంలో ఉన్న భారత పౌరులు ఫారం 6ఏ పెట్టి పేరు ఎక్కించుకోవచ్చు, వేయడానికి మాత్రం విమానం ఎక్కి రావాలి.

కార్పొరేషన్ ఎన్నికలకూ ఇదే లిస్టా? వాటికి కూడా పోవాలా?

అసెంబ్లీ లిస్టునే డివిజన్ల వారీగా విడగొడతారు, నిర్వహించేది రాష్ట్ర ఎన్నికల సంఘం. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయింది, మొదటి కార్పొరేషన్ ఎన్నికలు జరిగింది 2021 మార్చి 10న. పద్నాలుగేళ్లు కార్పొరేటర్ అంటే ఎవరో తెలియకుండా బతికాం, అలవాటు తప్పింది. నన్నడిగితే ముందు వేయాల్సింది ఇదే ఓటు. చెత్త బండి, వీధి దీపం, కుక్కలు, కాలవ, అన్నీ ఇక్కడే. 50 డివిజన్లలో ఒక్కోదాంట్లో ఓటర్లు కొన్ని వేలమందే కాబట్టి, ఒక అపార్ట్‌మెంటు మొత్తం కదిలితే ఫలితం మీద కనబడుతుంది.

ర్యాలీలు, మానవహారాలు, టూకే రన్‌లు ఉపయోగపడతాయా?

ఫొటోలకు బాగుంటాయి. ఎండలో ప్లకార్డులు పట్టుకుని నడిచే పిల్లల్లో చాలామందికి ఓటు వయసే రాలేదు, వయసొచ్చిన వాళ్లను ఆపి లిస్టులో పేరుందా అని అడిగితే సగం మంది నసుగుతారు. జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం ప్రతిజ్ఞ చేయించేబదులు, అదే గంటలో కాలేజీలో రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టి ఫారం 6లు నింపిస్తే నేను చప్పట్లు కొడతాను.

సరే, మా కాలనీలో మేమేం చేయొచ్చు?

మేం చేసింది చెబుతాను. మీ బూత్ లిస్టు పార్ట్ నంబర్‌తో వెబ్‌సైట్లో దొరుకుతుంది, దాన్ని డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీయించాం. ఒక ఆదివారం పొద్దున కింద వాచ్‌మన్ బల్ల మీద పెట్టుకుని ముగ్గురం కూర్చున్నాం, ఒక పెన్సిలు, ఒక స్కేలు, ఫ్లాస్కులో కాఫీ. పేపర్ కోసం కిందికి దిగినవాళ్లను, కొత్తిమీర కొనడానికి వచ్చినవాళ్లను ఆపి "అక్కా, మీ ఇంటిపేరేంటి?" అని వెతకడమే. పేరు కనబడితే టిక్కు, లేకపోతే చుట్టు, ఎవరూ గుర్తుపట్టని పేరుకు ప్రశ్న గుర్తు.

పదిన్నరకల్లా కాగితం నిండా ప్రశ్న గుర్తులే. ఖాళీ చేసి పోయినవాళ్లు, మాకంటే ముందు ఆ స్థలంలో ఉన్న పాత ఇంటివాళ్లు. రెండో అంతస్తులో భార్యాభర్తలకు వేరువేరు స్కూళ్లలో బూత్‌లు. ఒకమ్మాయికి ఇంకా పుట్టింటి ఇంటిపేరుతో నగరిలోనే ఉంది, పెళ్లయి పదకొండేళ్లు. మూడేళ్ల కిందట పోయిన మాస్టారి పేరు, ఫొటోతో సహా, అట్లే ఉంది. ఆయన భార్య ఆ ఫొటో మీద వేలు పెట్టి, "ఇది తీయకుండా ఉండకూడదా బాబూ?" అని అడిగారు. ఆ ఫారం 7 ఆమె చేత ఆ రోజు నింపించలేదు. తర్వాతెప్పుడో వాళ్లబ్బాయి నింపాడు.

బీఎల్‌ఓ గారికి ముందే ఫోన్ చేసి చెప్పాం, ఆమె వచ్చి గంటసేపు కూర్చున్నారు. వాళ్లకూ ఇదే సుఖం, ఎండలో ఇల్లిల్లూ తిరిగి తాళాలు చూసుకుని పోవడం కంటే. మూడు జాగ్రత్తలు మాత్రం పాటించండి: ఏ పార్టీ కండువా ఉన్నవాళ్లనీ ఆ బల్ల దగ్గర కూర్చోనివ్వకండి, వేరేవాళ్ల ఫారం 7 మీరు పెట్టకండి, ఎవరి ఆధార్ కాపీలూ మీ దగ్గర ఉంచుకోకండి. పోలింగ్ రోజు పక్కింటి పెద్దవాళ్లను మీ కారులో తీసుకుపోతే తప్పేం లేదు, కానీ అభ్యర్థి తరఫున వచ్చే ఉచిత ఆటో ఎక్కించకండి, అది ఎన్నికల అక్రమాల కిందికి వస్తుంది.

పోలింగ్ రోజు ఎన్నింటికి పోతే మంచిది? ఫోన్ తీసుకుపోవచ్చా?

ఏడింటికి మొదలవుతుంది, ఆరున్నరకే పోండి. ఎండెక్కాక పదకొండు నుంచి మూడు దాకా బూత్‌లు ఖాళీగా కనబడతాయి గానీ, ఆ ఎండలో పెద్దవాళ్లను తీసుకుపోవద్దు. సాయంత్రం పోవాల్సి వస్తే, మూసే టైంకి క్యూలో ఉన్న అందరికీ స్లిప్పులిచ్చి ఎంత రాత్రయినా వేయిస్తారు, టైం అయిపోయిందని వెనక్కి తిరగొద్దు. ఫోన్ లోపలికి రానివ్వరు, ఇంట్లో పెట్టి పోండి. మీట నొక్కాక పక్కనున్న వీవీప్యాట్ అద్దంలో మీరు వేసిన గుర్తు ఏడు సెకన్లు కనబడుతుంది, అది చూసుకునే బయటికి రండి.